నౌపడ ఉప్పు మడుల పక్కన నాన్న ముఖం కోసం ఒక రోజు

మా నాన్నకు ఫొటో లేదు. ఒకప్పుడు రెండు ఉండేవి. ఒకటి ఓటరు కార్డు మీద. వేటకు వెళ్లేటప్పుడు దాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకునేవాడట, ఆయనతోపాటే అదీ సముద్రంలో పోయింది. రెండోది రేషన్ కార్డు మీద మా ముగ్గురి ఫొటో. తర్వాత ఒక తుపానుకు ఇంట్లోకి నీళ్లొచ్చి అది తడిసింది. అమ్మ ముఖం మిగిలింది, అమ్మ ఒళ్లో నా తల మిగిలింది, నాన్న ఉండాల్సిన చోట బూడిదరంగు మరక మిగిలింది. ఆయన పోయేనాటికి నాకు రెండేళ్లు. నాకు ఆయన ముఖం గుర్తే లేదు కాబట్టి, ఫొటో లేదని ఎప్పుడూ పెద్దగా బాధపడలేదు.

మూడు నెలల కిందట ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ వాకిట్లో కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. చేతిలో కత్తి ఆపకుండానే, "ఒలే గుంటా, మీ అయ్య మొకం నాకు అందడం నేదే," అంది. "కళ్లు మూసుకుంటే నీలం సొక్కా వస్తాది. సొక్కాలోంచి మెడ వస్తాది. ఆ పైన ఏటీ రాదు." ఆ పూట ఏ చేప ఎంత పలికిందో చెప్పినట్టే చెప్పి, చట్టిలో నీళ్లు మార్చుకుంది. మా ఇంట్లో ఆ ముఖం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె దగ్గరా చెరిగిపోతే ఇక ఎక్కడా ఉండదు.

నేను విజయనగరంలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పని చేస్తాను. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. అందుకని కాగితాలతో అయ్యే పనులన్నీ నాకే వదిలేస్తారు. పాత కార్డు నకలు కోసం తిరిగాను, అంత పాతవి లేవన్నారు. చివరికి దారి చూపింది కాగితం కాదు. పరీక్షకు వచ్చిన ఒక పెద్దావిడ, నేను సూది గుచ్చుతుంటే భయంతో ఆపకుండా మాట్లాడుతూ, నౌపడ దగ్గర ఉప్పు మడుల్లో పని చేసే గురువులు అనే ముసలాయన, ఫొటో లేని చనిపోయినవాళ్ల బొమ్మలు గీస్తాడని చెప్పింది. తన అన్నయ్యను అలాగే గీయించుకుందట. ఆవిడ ద్వారా నంబరు దొరికింది.

ఫోను ఎత్తింది ఆయన కోడలు పార్వతి. "వచ్చే బుధవారం మావయ్యకి కంటి ఆపరేసనండి," అంది. "ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోది ఎలగుంటాదో డాక్టరే గట్టిగా సెప్పడం నేదు. ఈ ఆదివారం ఒక్కటే కాళీ ఉన్నాది. పది లోపల రావాల, ఎండ తగ్గితే ఆయనకి కనబడదు. పోయినాయన్ని బాగా ఎరిగినోళ్లు ఒకలు, ఆయన రక్తం పంచుకున్నోళ్లు ఒకలు ఉండాల." నేను కూతురినని చెప్పాను. "అలగైతే సరిపోద్ది," అంది. బొమ్మకు, పలకకు, రంగులకు కలిపి పదిహేను వందలని, భోజనం వాళ్లింట్లోనేనని కూడా చెప్పింది.

అమ్మను ఒప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. నౌపడ నుంచి గంటలోపు దూరంలోనే, భావనపాడు వైపు తీరంలో నాన్న సొంత ఊరు ఉంది. నాన్న, ఆయన తమ్ముడు దానయ్య ఒకే బోటులో వేటకు వెళ్లేవారు. బోటు తిరగబడిన రోజు దానయ్య ఒక్కడే ఒడ్డుకు వచ్చాడు. పెద్దకర్మ రోజు ఊరందరి ముందు అమ్మ అతన్ని, "అన్నని ఎక్కడ ఒగ్గేసి వచ్చావురా?" అని అడిగిందట. అతను తల ఎత్తలేదట. ఆ సాయంత్రమే నన్ను చంకనేసుకుని కళింగపట్నం దగ్గర తన పుట్టింటికి వచ్చేసింది. ఇరవై నాలుగేళ్లు దాటినా ఆమె అతని ముఖం చూడలేదు. మా ఇంట్లో అతని పేరు పలకం.

ఆదివారం ఉదయం ఏడు ప్రాంతంలో విజయనగరంలో పలాస వెళ్లే పాసింజరు ఎక్కాను. టికెట్టు ముప్పై, నలభై మధ్య ఉంటుంది. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందురోజు చూసుకోండి. ఆదివారం కావడంతో కిటికీ పక్కన చోటు దొరికింది. గరివిడి ఫ్యాక్టరీ గొట్టాలు, చీపురుపల్లి, పొందూరు వెనక్కి పోతుంటే నేను చూస్తున్నది మాత్రం ఫోనునే. అమ్మ తొలి బస్సుకు బయల్దేరి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో ఎక్కాలి. వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు. ఫోను ఎత్తడం లేదు. బండి స్టేషన్లోకి వస్తుంటే తలుపు దగ్గర వేలాడుతూ వెతికాను. అమ్మ ప్లాట్‌ఫారం చివర, ఎక్కేవాళ్లందరికీ దూరంగా, ఇంకా తేల్చుకోనట్టు నిలబడి ఉంది. పేరు పెట్టి అరిచాను. మా అమ్మను పేరుతో పిలవడం అదే మొదటిసారి. అమ్మ ఉలిక్కిపడి పరుగెత్తింది. లోపలికి లాగి కూర్చోబెట్టాక ఊపిరి తిప్పుకుని, "పేరెట్టి పిలుస్తావేటే, సిగ్గు నేదా?" అంది. బండి కోటబొమ్మాళి దాటింది. అప్పుడు, "సాయంత్రం బండికి ఎలిపోదుం. ఆ గాలి నాకు పడదు," అంది.

నౌపడలో దిగేసరికి తొమ్మిదిన్నర. స్టేషను బయట ఆటోలు ఉంటాయి. గురువులు అంటే ఎవరికీ తెలియదు, "ఫొటో తాత" అనాలి. జీవితంలో కెమెరా పట్టని మనిషికి ఆ పేరు వచ్చింది. మమ్మల్ని ఎక్కించుకున్న డ్రైవరు అప్పారావు నూట ఇరవై అడిగి వందకు వచ్చాడు. "మా అత్త బొమ్మ నానూ గీయించానండి," అన్నాడు. "ఎందుకు గీయించానా అని ఇప్పుడు ఏడుస్తన్నాను. అచ్చం అలగే దించేసినాడు. బతికున్నపుడు గుమ్మంలోంచి గుర్రుమనీది, ఇపుడు గోడ మీదనుంచి గుర్రుమంటన్నాది." నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని దారి పక్క బోర్డులు చూస్తోంది. చదవడం రాదు, కానీ భావనపాడు వైపు తిరిగే మలుపు ఆమెకు తెలుసు. ఆ మలుపు దాటేదాకా చెంగు తీయలేదు.

గురువులు తాత ఇల్లు ఉప్పు మడుల గట్టుకు ఆనుకుని ఉన్న రెండు గదుల రేకుల ఇల్లు. ముందు వరండా, ఎదురుగా తెల్లగా ఉప్పు కుప్పలు. ఎండ ఆ కుప్పల మీద పడి వరండాలోకి తిరిగి కొడుతుంది. నీడలో కూర్చున్నా ముఖం మీద సూదిగా వెలుగు. ఆ వెలుగే ఆయన దీపం. నాలుగు దాటితే కుప్పల మీద ఎండ పలచబడుతుంది, ఆయనకు గీత కనబడదు. డెబ్బై దాటిన మనిషి, బక్కగా, కళ్లజోడు కాడలకు బదులు పురికొస. ఎడమ కన్ను పాలగాజులా ఉంది. ముందు మూడు పెయింటు డబ్బాలు, వాటి మూతల్లోనే రంగులు. ఒళ్లో రెండడుగుల ప్లైవుడ్ పలక. రేకు మీద గీస్తే ఉప్పుగాలికి ఏడాదిలో తుప్పు పడుతుందట.

నన్ను మెట్టు మీద కూర్చోమన్నాడు. "ఇటు తిరుగు. అటు తిరుగు. పళ్లు కనబడేలా నవ్వు. ఇప్పుడు కోపంగా సూడు." ఆయన ముక్కు నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. తర్వాత అమ్మను చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. బొగ్గు ముక్క కింద పెట్టేశాడు.

"తల్లీ, నువ్వు మీయమ్మవే. పోత పోసినట్టున్నావు. చెవులొక్కటే మీయమ్మవి కావు, మీ అయ్యవై ఉండాల. చెవులతో నానేటి సేసుకోను?"

ఇరవై ఆరేళ్లుగా అద్దంలో చూసుకున్నప్పుడల్లా, ఈ ముఖంలో ఎక్కడో నాన్న ఉన్నాడులే అనుకునేదాన్ని.

"తోడబుట్టినోళ్లు ఎవులైనా ఉన్నారా ఆయనకి?" అని తాత అమ్మను అడిగాడు.

"నేరు," అంది అమ్మ.

అప్పారావు ఇంకా వెళ్లలేదు, పార్వతి ఇచ్చిన మజ్జిగ తాగుతున్నాడు. తాత పలక పక్కకు జరిపి, "మరైతే బొమ్మ అవ్వదు. నాను గాల్లోంచి గీయను," అన్నాడు. అమ్మ వెంటనే లేచి చీర దులుపుకుంది. ఆమెకు ఊరట కలిగినట్టు నాకు అనిపించింది. బుధవారం ఆయన కన్ను ఏమవుతుందో తెలియదు. అమ్మకు మెడ పైన ఇప్పటికే ఏమీ కనబడటం లేదు. ఇంకో ఆదివారం లేదు. నేను మా అమ్మ మాటకు నలుగురిలో ఎదురు చెప్పిన దాన్ని కాదు.

"ఉన్నాడు తాతా," అన్నాను. "తమ్ముడు ఉన్నాడు. భావనపాడు దగ్గరే. దానయ్య."

"ఏ దానయ్య? అక్కడ పదిమంది దానయ్యలున్నారు," అన్నాడు అప్పారావు. నేను చెప్పేలోపే అతనికే తట్టింది. "అన్నని పోగొట్టుకున్న దానయ్యా?"

ఆ ఊళ్లో చిన్నాన్నకు అదే పేరని మాకు అప్పుడే తెలిసింది. అమ్మ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను. చెప్పులు కూడా వేసుకోకుండా గట్టు మీదకు వెళ్లిపోయింది. రానూపోనూ ఆరువందలకు మాట్లాడి, "ఆయన వస్తే తీసుకురా. రాకపోతే నువ్వొచ్చి చెప్పు," అని అప్పారావును పంపించాను. అప్పటికి పదింపావు.

గట్టు మీద అమ్మ చెంగు నెత్తిన కప్పుకుని మడుల వైపు తిరిగి నిలబడింది. కింద నలుగురు ఆడవాళ్లు ఉప్పు ఎత్తుతూ మమ్మల్ని చూస్తున్నారు.

"నీకు సదువు సెప్పించింది ఇందుకేనా? నన్ను అడక్కుండా నా మీదకి మనుసుల్ని తోలడానికేనా?"

"నువ్వు లేరని అబద్ధం ఆడావు కదమ్మా."

"ఆడు నాకు నేడు. అది అబద్దం కాదు."

"నీకు లేకపోతే నీకు లేడు. నాన్నకు ఉన్నాడు కదా." నేను ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాను. "నేను ఒక్కసారి చూడాలమ్మా. నువ్వైనా చూశావు. నేను చూడనేలేదు."

అమ్మ చెంగు ఇంకా ముందుకు లాక్కుంది. "ఆడొస్తే నాను ఆడి మొకం సూడను. సెప్పేస్తన్నాను," అని మాత్రం అంది. వెళ్లిపోతానని అనలేదు. నేను అదే చాలనుకున్నాను.

రెండు గంటలు ఎదురుచూశాం. ఆ సమయమంతా తాత తన సంగతులు చెబుతూనే ఉన్నాడు. పదేళ్ల వయసు నుంచి మడుల్లో ఉప్పు లాగాడు. పొద్దున్నే మడి మీద సన్నటి ఉప్పు పొర కడుతుంది. పని మొదలయ్యే ముందు దాని మీద కర్ర చివరతో మేస్త్రీ ముఖం గీసేవాడట. మేస్త్రీ వచ్చేలోపు చెరిపేసేవాడు. ఒకరోజు ఆలస్యమై దొరికిపోయాడు. "కొట్టినాడు. కొట్టి, 'నా మీసం ఇంత పలచగా ఉంటాదేట్రా' అన్నాడు," అని నవ్వాడు. తర్వాత దుకాణాలకు బోర్డులు రాశాడు. చదువు రాదు, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు దించేసేవాడు. ఒక సోడా దుకాణం బోర్డు మీద, కాగితంపై పడిన సిరా మరకను కూడా అక్షరమే అనుకుని పెద్దగా గీశాడట. దుకాణందారు అరుస్తుంటే, "ఏదక్షరమో ఏది మచ్చో నువ్వు ముందే సెప్పాల గదా అన్నాను."

ముఖాలకు ఎలా వచ్చాడో అడిగాను. "మాయమ్మ పోయింది. పెద్దకర్మకి దండ ఎయ్యడానికి ఫొటో నేదు. గోడ మీద బొగ్గుతో గీస్తానన్నాను. మా అక్కలు నలుగురు. అమ్మ ఎలగుంటాదో సెప్పండే అంటే ఒక్కర్తీ సెప్పలేదు. ఏడుపే ఏడుపు. నాకు తిక్క పుట్టింది. ముక్కు ఇంత లావున గీసి పారేసాను. నలుగురూ ఒక్కసారి లేసినారు. 'సచ్చినోడా, మాయమ్మ ముక్కు అలగుంటాదా!' ఒకర్తి సేతిలో బొగ్గు లాక్కుంది, ఒకర్తి నా జుట్టు పట్టుకుంది. పొద్దోయేసరికి మాయమ్మ గోడ మీద ఉన్నాది." ఆయన మంచి కన్ను చిట్లించాడు. "మనిసి ఎలగుండేవోడో ఎవులికీ గుర్తుండదు తల్లీ. ఎలగుండడో మాత్రం మర్సిపోరు. నాను తప్పు గీస్తాను. ఆలు దిద్దుతారు. అదే నా పని."

అప్పటి నుంచి అదే పద్ధతి. రక్తసంబంధీకుల్లో దగ్గరి పోలిక ఉన్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, ఆ ముఖం బొగ్గుతో దించుతాడు. బాగా ఎరిగినవాళ్లు ఎదురుగా ఉన్న మనిషినీ బొమ్మనూ మార్చి మార్చి చూస్తూ, 'ఇది కాదు, అది కాదు' అనాలి. అంటే అమ్మ చిన్నాన్న ముఖంలోకి గంటల తరబడి చూడాలి. గట్టు మీద నుంచి అప్పుడే వచ్చి గోడ పక్కన నిలబడిన అమ్మకు ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

పన్నెండున్నరకు ఆటో వచ్చింది. దిగిన మనిషికి యాభై దగ్గర పడి ఉంటాయి. లుంగీ, తడి ఆరని చొక్కా, కాళ్లకు ఇసక. వేట నుంచి వచ్చినవాడు వచ్చినట్టే ఎక్కేశాడట. ఎవరు పిలిచారని కూడా అడగలేదని అప్పారావు నా చెవిలో చెప్పాడు. నన్ను చూసి ఆగాడు. వరండా అంచున చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "వొదినా," అన్నాడు. అమ్మ గోడ వైపు తిరిగింది.

పార్వతి అన్నం, వంకాయ వేసి వండిన ఎండు నెత్తళ్ల కూర వడ్డించింది. కూర చాలా బాగుందని తర్వాత అప్పారావు అన్నాడు. ఆ పూట నాకు రుచి తెలియలేదు. అమ్మ తినలేదు. "తినకపోతే కళ్లు తిరుగుతాయమ్మా, మా మావయ్య సాయంత్రం దాకా ఒగ్గడు," అని పార్వతి బతిమాలితే మజ్జిగ మాత్రం తాగింది.

తాత చిన్నాన్నను మెట్టు మీద కూర్చోబెట్టి, అరగంటలో బొగ్గుతో ముఖం దించాడు. తర్వాత అమ్మను పిలిచి పద్ధతి చెప్పాడు. అమ్మ నా వైపు ఒకసారి చూసి, వచ్చి చాప మీద కూర్చుంది. చూపు బొమ్మ మీదే ఉంచింది.

"కనుబొమలు ఇలగేనా?"

"అవును."

"ముక్కు కొంచెం కోసగా ఉండేదా?"

"అవును."

"గెడ్డం కింద ఈ నొక్కు?"

"ఉండేది. బాగున్నాది. అలగే ఉండేవోడు."

రెండయింది. అమ్మ ప్రతిదానికీ అవునంటోంది. త్వరగా ముగించి అక్కడి నుంచి బయటపడాలని తప్ప ఆమెకు ఇంకేమీ లేదు. తాత బొగ్గు మూతలో పడేసి చేతులు తుడుచుకున్నాడు.

"ఇందాక గెడ్డం మీద పుట్టుమచ్చ ఎట్టాను. అది నా సొంతం, ఎవులికీ నేదు. దానికీ అవునన్నావు. నువ్వు నీ పెనివిటిని సూడ్డం నేదు. ఎల్లిపో తల్లీ. నాను రేపటికి కన్ను ఉంటాదో ఉండదో తెలీని మనిసిని. అవును అనేవోళ్ల కోసం కన్ను కరుసు సెయ్యను."

నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. నా ఏడుపు విని కాదు, పుట్టుమచ్చ మాట విని అనుకుంటా, అమ్మ మొదటిసారి తల ఎత్తి బొమ్మను సరిగా చూసింది. తర్వాత మెల్లగా, ఎవరో మెడ పట్టి తిప్పినట్టు, చిన్నాన్న వైపు చూసింది. చిన్నాన్న కదల్లేదు. రెప్ప కూడా వేయలేదు.

"నుదురు ఇంత ఇరుకు కాదు," అంది అమ్మ. "ఈడిదే ఇరుకు. ఆయనది సేతెడు."

తాత గీత మార్చాడు.

"కళ్లు ఇంత లోపలికి కాదు. పళ్లు... ముందు పన్ను ఒకటి పక్క పన్ను మీదకి ఎక్కుండేది. నవ్వితే సెయ్యి అడ్డం ఎట్టుకునేవోడు." ఒక్కొక్కటీ వస్తోంది. అవి నాకు ఎప్పుడూ చెప్పనివి. తాత కావాలనే పెదవి వంకరగా గీశాడు. అమ్మ చాప మీద నుంచి ముందుకు వంగి, "అది కాదు! కింది పెదవి సాపుగా ఉంటాది!" అని అరిచింది.

"సాపుగా నేదొదినా," అన్నాడు చిన్నాన్న.

ఆ వరండాలో 'వొదినా' తర్వాత అతను మాట్లాడిన మొదటి మాట అది. అమ్మ అతని మీదకు తిరిగింది. "నాకు సెప్తావేట్రా ఆయన పెదవి ఎలగుంటాదో?"

"కింది పెదవి ఎడమపక్క తెగింది. తాడు కొట్టింది. ఇంత తెగింది."

"ఎప్పుడు? నానెప్పుడూ సూడలేదు."

"ఆ పొద్దున్నే. బోటు తోసినపుడు. నానే నా తువ్వాలుతో అద్దాను. 'మీ వొదిన సూస్తే నిన్ను తిడతాది, సరిగ్గా పట్టుకోనేదని' అన్నాడు." చిన్నాన్న చేతులు మోకాళ్ల మీద బిగుసుకున్నాయి. "తిరగబడ్డాక ఇద్దరం బోటు అడుగు పట్టుకునే ఉన్నాం. ఆ తెగిన పెదవే నాకు కనబడతన్నాది. ఒక కెరటం వచ్చింది. మొకం తుడుసుకుని సూసాను. నేడు. వొదినా, ఉన్నాడు, మళ్లీ సూస్తే నేడు. అంతే. నానేటీ ఒగ్గనేదు. గొంతు పోయేదాకా పిలిసాను."

అమ్మ ఎప్పుడూ అతన్ని చెప్పనివ్వలేదు. పెద్దకర్మ రోజు ప్రశ్న అడిగింది గానీ జవాబు కోసం ఆగలేదు. తాత కొంచెం ఇబ్బందిగానే, "ఎండ తగ్గిపోతన్నాది. పెదవి మీద గాయం ఎట్టమంటారా, వద్దంటారా? ఇంట్లోదాని మాటే నాకు మాట," అన్నాడు.

అమ్మ చిన్నాన్నను చూస్తూనే ఉంది. "ఎట్టొద్దు తాతా," అంది. "ఆ పొద్దుటి మొకం ఈడిది. అది ఈడి కాడే ఉండనీ. నాకు నాను సూసిన మొకం ఇయ్యి."

చిన్నాన్న తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తాత వెంటనే గద్దించాడు. "మొకం కప్పకు! ఇంకా చెంపలు అవ్వలేదు."

తర్వాత ఆయన రంగుల్లోకి దిగాడు. చివరి గంట నాకు అన్నిటికంటే భయంగా గడిచింది. కుప్పల మీద వెలుగు ఒక్కో వరసా తగ్గుతోంది. ఆయన పలకను ఇంకా ఇంకా కంటికి దగ్గరగా లాక్కుంటున్నాడు. చివరికి ముక్కుకు నల్లరంగు అంటింది. నాలుగుంపావుకు కుంచె తుడిచి పలకను మా వైపు తిప్పాడు.

నీలం చొక్కా. వెడల్పు నుదురు. నవ్వబోయి ఆపుకున్నట్టున్న నోరు. నా వయసు కుర్రవాడు. నేను చూడగానే గుర్తుపడతానని, లోపల ఏదో కదులుతుందని ఆశపడి వచ్చాను. నిజం చెప్పాలంటే నాకు తెలియని మనిషిలా ఉన్నాడు. అమ్మ ఏమంటుందోనని తిరిగి చూశాను. అమ్మ చాప మీద నుంచి లేచి, చెంగు భుజం మీదుగా కప్పుకుని నిలబడింది. బయట నుంచి పెద్దవాళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు నిలబడినట్టు. తాత మమ్మల్ని బాగుందా అని అడగలేదు. "అయిపోయింది. పారొతీ, డబ్బాలు మూసీ," అన్నాడు.

రంగు పచ్చిగా ఉంది. నిలబెడితే జారుతుందట. పడుకోబెట్టి, రెండువైపులా అంచులు పట్టుకుని తీసుకెళ్లాలట. ఆటోలో నేను సంచులతో అప్పారావు పక్కన కూర్చున్నాను. వెనక సీట్లో అమ్మ ఒక అంచు, చిన్నాన్న ఒక అంచు. గతుకు వచ్చినప్పుడల్లా వెనక నుంచి వినబడేది. "పైకెత్తు." "ఎత్తాను." "ఇటు వంచకు." "వంచనేదొదినా." స్టేషన్లో దిగేసరికి ఐదు దాటింది. చిన్నాన్న దగ్గర నుంచి అంచు అందుకుందామని నేను చేతులు చాపాను.

"నువ్వు ఉండు," అంది అమ్మ. "ఆడు పట్టుకున్నాడు గదా. మజ్జిలో సేతులు మారితే రంగు సెదురుతాది."

చిన్నాన్న ఆమె వైపు చూశాడు, తన లుంగీ వైపు చూసుకున్నాడు. ప్లాట్‌ఫారం మెట్లు ఎక్కాడు. నా దగ్గర ఉన్నవి రెండు తిరుగు టికెట్లే. విశాఖ వెళ్లే పాసింజరు వస్తోందని మైకులో చెబుతుంటే మూడో టికెట్టు కోసం కౌంటరుకు పరుగెత్తాను. వరసలో నా ముందు ఐదుగురు. బండి కదిలే సమయానికి చివరి పెట్టెలో ఎక్కగలిగాను. పెట్టెలు దాటుకుంటూ వచ్చి చూస్తే, ఇద్దరూ ఎదురెదురు సీట్లలో మోకాళ్ల మీద నాన్నను పెట్టుకుని కూర్చున్నారు. శ్రీకాకుళం రోడ్డులో ఇద్దరూ దిగారు. మర్నాడు నాకు డ్యూటీ ఉండటంతో నేను విజయనగరం దాకా వెళ్లాల్సి వచ్చింది. చిన్నాన్న వెనక్కి నడుస్తూ, అమ్మ ముందుకు నడుస్తూ, మంచం మోసుకెళ్లేవాళ్లలా జనం మధ్య నుంచి వెళ్లడం కిటికీలోంచి చూశాను.

అక్కడికి వెళ్లేటప్పుడు నాకొక ముఖం దొరుకుతుందనుకున్నాను. ఆ ముఖం నాకు ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. ఇంటికి వెళ్లినప్పుడల్లా కొత్తగా పరిచయమైన మనిషిని చూసినట్టే చూస్తున్నాను. కానీ దిద్దుతూ దిద్దుతూ అమ్మ నోటి నుంచి వచ్చిన మనిషి, నవ్వితే పన్నుకు చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు, నాకు ఆ రోజే తెలిశాడు. ఆయన్ని నేను మరిచిపోను. బడి మొహం చూడని ఒక ముసలాయన, మనుషులు గుర్తుంచుకునే తీరును ఇంత బాగా ఎలా పట్టుకున్నాడా అని ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంది. ఇది రాసే సమయానికి ఆయన కంటి కట్టు విప్పారు. వెలుతురు తెలుస్తోందట, గీత ఇంకా తెలియడం లేదట. రెండు నెలలు ఆగి చూడాలన్నారని పార్వతి చెప్పింది. కాబట్టి వెళ్లే ముందు తప్పకుండా కనుక్కోండి. నౌపడ స్టేషను ఆటోవాళ్లకు ఎప్పుడూ తెలుస్తుంది.

ఒకవేళ ఆయన మళ్లీ గీయడం మొదలుపెట్టి మీరు వెళ్లగలిగితే ఒక్క మాట. ఆ రంగు ఆరడానికి ఒక రోజు పైనే పడుతుంది. పేపరు కప్పకండి, అక్షరాలు ముఖానికి అంటుకుంటాయి. ఇద్దరు పట్టుకుని తేవాల్సిందే. ఆ రెండో మనిషి ఎవరవుతారో బయల్దేరేటప్పుడు మీకు తెలియకపోవచ్చు. తిరుగు టికెట్లు ఒకటి ఎక్కువే తీసుకోండి.